తొమ్మిదో చెయ్యి

గెలిచిన వారం తిరక్కుండానే ఎస్తేరు కుడిచేతికి ఊళ్లో ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మిరపకాయలు కోసి కోసి మంటెక్కిన చెయ్యి అది. వాగులో చెలమ తవ్వి, నీళ్లు తోడి తోడి కాయలు కాసిన చెయ్యి. ఇన్నేళ్లలో ఆ చేతిని పట్టించుకున్న మారాజు ఒక్కడూ లేడు. అటువంటిది, ఆమె పంచాయతీ వార్డు మెంబరుగా గెలిచీ గెలవగానే, నిన్నటిదాకా "ఏమే ఎస్తేరూ" అన్న నోళ్లన్నీ "ఎస్తేరమ్మా" అనడం మొదలుపెట్టాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్లు ఇంకా ఏరు దాటలేదు.

సంగతేమిటంటే, బొల్లాపల్లి అవతల మెట్టలో ఉన్న ఆ వేములబండలో రెండు పార్టీలున్నాయి. జెండాల పార్టీలు కావు, ఇళ్ల పార్టీలు. ఒకటి రోశయ్యది, ఒకటి సాంబయ్యది. ఎనభై ఎనిమిదిలో ఎన్నికలొచ్చినప్పుడు సర్పంచి పదవికి ఇద్దరూ కలిసి ముసలి పిచ్చియ్యను నిలబెట్టి, పోటీ లేకుండా ఏకగ్రీవం చేశారు. పిచ్చియ్యకు చెవులు వినపడవు, మోకాళ్లు లేవవు. సర్పంచికి ఇంతకంటే అర్హతలేం కావాలి? పేపరువాళ్లు పాపం ఆ ఊరి ఐకమత్యాన్ని మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాశారు కూడా. అసలు పెత్తనం ఉపసర్పంచిదేనని ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు.

ఆ ఉపసర్పంచిని జనం ఎన్నుకోరు. మెంబర్లు తొమ్మిదిమందీ ఆఫీసరు ముందు కూర్చుని చేతులెత్తి ఎన్నుకుంటారు. పెట్టె లేదు, చీటీ లేదు, చాటూ మాటూ లేదు. అంతా బహిరంగం. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ చాటున ఓటేసేటప్పుడు మనిషి మనసును అడుగుతాడు, నలుగురిలో చెయ్యెత్తేటప్పుడు వీపును అడుగుతాడు. ఈ సంగతి ఆ చట్టం రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

రోశయ్య, సాంబయ్య కూడా మెంబర్లే. రోశయ్యతో కలిపి అటు నలుగురు, సాంబయ్యతో కలిపి ఇటు నలుగురు. తొమ్మిదో మనిషి ఎస్తేరు. ఊరికి దిగువన వాగు ఒడ్డునున్న క్రైస్తవుల పల్లె ఆమె వార్డు. ఆ ఏడు ఆడవాళ్లకు కేటాయించారు. పల్లె ఆడవాళ్లు ఆమెను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. పోయినేడు పల్లె పేరు మీద వచ్చిన బోరు రోశయ్య గొడ్లచావిడి పక్కన పడినప్పుడు, ఆమె ఖాళీ బిందె తెచ్చి ఆఫీసర్ల జీపు ముందు పెట్టి కూర్చుంది. బోరు రాలేదు గానీ ఆ కూర్చోవడం అందరికీ గుర్తుండిపోయింది. "మాకింకేం అక్కర్లేదే, పల్లెలో బోరు ఏయించు, చాలు" అని పిన్ని వరసయ్యే మాణిక్యమ్మ ఇల్లిల్లూ తిరిగి ఓట్లు వేయించింది.

ఒక ఉదయం రోశయ్య జీపు పల్లెలోకొచ్చింది. "ఎస్తేరమ్మా, ఎడ్లపాడులో మెంబర్లకు ట్రైనింగంట. పంచాయతీ ఎట్టా నడపాలో చెప్తారు. పద" అన్నాడు రోశయ్య. ఎస్తేరు నమ్మింది. నమ్మడమే కాదు, సంతోషించింది. క్రిస్మస్ చీర కట్టుకుని, బోరుకు ఎవరికి అర్జీ పెట్టాలో అడిగి రాసుకుందామని పక్కింటి పిల్లదాని పెన్ను కూడా అడిగి తీసుకుంది. క్వారీ పనికి బయల్దేరుతున్న మొగుడు బాలశౌరి "మా మెంబరమ్మ పోతంది, జరగండి జరగండి" అని నవ్వించి పంపాడు.

జీపు ఒక పత్తి మిల్లులో ఆగింది. సీజను అయిపోయి మిషన్లన్నీ పడుకున్నాయి. రోశయ్య తరఫు మిగతా మెంబర్లు ముగ్గురూ షెడ్డులో తుంగచాప మీద పేకాడుతున్నారు. వెనకాల గేటుకు తాళం పడింది.

"క్లాసు యాడయ్యా?" అని అడిగింది ఎస్తేరు.

పేకాడేవాళ్లు పగలబడి నవ్వారు. "ఇదేనమ్మా క్లాసు. దీన్ని క్యాంపంటారు" అన్నాడు ఒకడు.

ట్రైనింగు మాత్రం నిజంగానే ఇచ్చారు. రోజూ టిఫిను అయ్యాక ఒకడు ఆఫీసరులా కుర్చీలో కూర్చుని "రోశయ్య గారు" అనేవాడు. అందరూ చెయ్యెత్తాలి. ఎస్తేరు చెయ్యి సగం లేస్తే, "అట్టా కాదమ్మా, చంక కనపడాల" అని సరిచేసేవాళ్లు. ఒకసారి ఆమె బోరు సంగతి ఎత్తింది.

"బోరా?" అన్నాడు రోశయ్య. "బోరేంది, ట్యాంకే కట్టిస్తా. ముందు చెయ్యెత్తు. మీ పల్లెకు దారి మా చేలోంచేనన్న సంగతి గుర్తు పెట్టుకొని ఎత్తు."

ఆమెకు కాపలాగా రోశయ్య తన చెల్లెలు కుసుమను పెట్టాడు. కుసుమ నోరు తేనె. ఊళ్లో ఎన్నడూ గడప లోపలికి రానివ్వని మనిషి, మిల్లులో "వదినా వదినా" అంటూ తన పక్కనే విస్తరి వేసి గుడ్డుకూర వడ్డించింది. దొడ్డికి పోయినా తోడొచ్చి తలుపు బయట నిలబడేది. గుమ్మానికడ్డంగా చాప వేసుకుని పడుకునేది. ఎస్తేరుకు ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఒళ్లు కంపరమెత్తేది. తిడితే తిరిగి తిట్టొచ్చు, వదినా అంటే ఏమనాలి? జల్లెడ కొట్టిన కిటికీలోంచి హైవే మీద పోయే లారీలు కనిపించేవి. ఏ లారీ అయినా ఎక్కి పోతే బాగుండుననుకునేది. పోయి ఎక్కడికి పోవాలి? ఎటు తిరిగినా ఆ ఊరే, ఆ ఇద్దరే. గింజలు చల్లి బుట్ట బోర్లించి పట్టిన కోడిపెట్టలా ఉంది తన బతుకు. ఏడుపొచ్చింది. కుసుమ ఓదారుస్తుందేమోనన్న భయంతో ఆ ఏడుపు కూడా మింగేసింది.

ఎన్నిక దగ్గరపడ్డాక రోశయ్య వచ్చి ఇంకో కబురు చెప్పాడు. "సాంబయ్య ఎంతకు తెగించాడో చూడమ్మా. నీ మొగుణ్ణి క్వారీ కాణ్ణించి జీపులో ఏసుకుపోయాడంట. బెల్లంకొండ కాడ మామిడితోటలో పెట్టాడంట."

సాంబయ్య సంగతి ఊళ్లో తెలియనిదెవరికి? పోయిన ఎన్నికల్లో ఎదురు తిరిగిన బేల్దారి మేస్త్రి కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. బాలశౌరి అటువంటివి తట్టుకునే మనిషి కాదు. నోరు మంచిది, నడుం బద్ధకం. ఎవరేం పెట్టినా తింటాడు, ఎవరేం చెప్పినా తలూపుతాడు. అయితేనేం, పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. ఆ పల్లెలో అది చిన్న మాట కాదు. ఆమెకు వాడంటే ప్రాణం.

"నువ్వేం భయపడకు. మనం గెలిచినాక ఆళ్ల సంగతి చూద్దాం" అన్నాడు రోశయ్య. గెలిచినాక! రోశయ్యకు చెయ్యెత్తితే సాంబయ్య చేతిలో మొగుడు. సాంబయ్యకు ఎత్తితే రోశయ్య చేలో దారి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రోజంతా ఆమె తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది పరాయివాళ్ల బిడ్డయినట్టు చూస్తూ కూర్చుంది. ఎత్తకపోతేనో అని మొదటిసారి అనిపించింది అప్పుడే.

ఎన్నిక రోజు పంచాయతీ ఆఫీసు ముందు తిరనాళ్ల జనం. జీపు దిగుతుంటే సాంబయ్య ఎదురొచ్చి, అందరి ముందూ రెండు చేతులూ జోడించాడు. "ఎస్తేరమ్మా, బాలశౌరి మా కాడ చల్లగా ఉన్నాడు. నువ్వు చెయ్యెత్తేదాన్ని బట్టి ఇల్లు చేరతాడు" అన్నాడు నవ్వుతూ. పక్కనే నిలబడ్డ కానిస్టేబులుకు అది కుశలప్రశ్నలాగే వినిపించి ఉంటుంది.

లోపల ఒకటే గది. పిచ్చియ్య మంచం దిగలేక రాలేదు. నరసరావుపేట నుంచి వచ్చిన ఆఫీసరు బల్ల ముందు కూర్చున్నాడు. ఉక్కకు కండువాతో విసురుకుంటున్నాడు. ఎన్నోసార్లు ఆ గది గుమ్మం కింద నిలబడి అర్జీలిచ్చిన ఎస్తేరుకు ఆ రోజు కుర్చీ వేశారు. కిటికీ చువ్వలు పట్టుకుని పల్లె ఆడవాళ్లు నిలబడ్డారు. ముందు మాణిక్యమ్మ.

"అంతా బహిరంగంగానే జరుగుతుంది. దాపరికమేమీ లేదు. జనం కూడా చూడొచ్చు" అన్నాడు ఆఫీసరు. "రోశయ్య గారిని బలపరిచేవాళ్లు చేతులెత్తండి."

నాలుగు చేతులు లేచాయి, చంకలు కనపడేలా. రోశయ్య దగ్గాడు. ఎస్తేరు ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"సాంబయ్య గారికి."

మళ్లీ నాలుగు. కిటికీల దగ్గర గుసగుసలు. సాంబయ్య నవ్వు మాయమైంది.

"అమ్మా, మీరు రెండుసార్లూ ఎత్తలేదు" అన్నాడు ఆఫీసరు.

"ఎత్తనండీ. ఎవురికీ ఎత్తను."

"తటస్థం" అని రాసుకున్నాడాయన. ఆ ఒక్క క్షణం ఎస్తేరుకు ఊపిరాడింది. ఎవరికీ ఇవ్వలేదు కనక ఎవరికీ కోపం రాదనుకుంది. పిచ్చిది! తొమ్మిదిమందిలో ఒక్కరు తప్పుకుంటే మిగిలేవి సమానమన్న లెక్క ఆమెకు తట్టలేదు.

"నాలుగూ నాలుగూ. అయితే చీటీ తియ్యాలి" అన్నాడు ఆఫీసరు. రెండు కాగితం ముక్కల మీద రెండు పేర్లు రాసి, మడిచి, బల్ల మీదున్న ఖాళీ స్టీలు గ్లాసులో వేశాడు. "ఏ పక్షానికీ చెందనివాళ్లు తియ్యాలి. అమ్మా, మీరే రండి."

మిల్లులో అన్ని రోజులు దాచుకున్న చెయ్యి, రెండుసార్లు ఒళ్లో నొక్కిపెట్టిన చెయ్యి, చివరికి ఆ గ్లాసులోకి వెళ్లాల్సిందే. ఓడినవాడు చీటీని తిట్టడు, తీసిన చేతిని తిడతాడు. తీయనని చెప్పాలనుకుంది. కానీ మీటింగు ఆగిపోతే మళ్లీ జీపు, మళ్లీ మిల్లు, మళ్లీ వదినా. లేచి బల్ల దగ్గరకు నడిచింది. గ్లాసులో చెయ్యి పెట్టింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. రెండు చీటీలూ గుప్పిట్లో పట్టుకుని బయటికి తీసింది.

"అమ్మా, ఒక్కటే" అన్నాడు ఆఫీసరు.

"రెండూ తీశా. ముందు నా మాట ఇనండి, తర్వాత ఇస్తా."

"ఏమే! ఏషాలా?" అని రోశయ్య కుర్చీలోంచి లేచాడు. "అమ్మా" ఎగిరిపోయి పాత "ఏమే" తిరిగొచ్చింది. సాంబయ్య మనిషొకడు ముందుకొస్తే కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

అప్పుడు తెలిసింది ఎస్తేరుకు, గది మొత్తం తన గుప్పిట వైపు చూస్తోందని. పుట్టి బుద్ధెరిగాక తను మాట్లాడుతుందని ఇంతమంది ఎదురుచూడడం ఇదే. చువ్వల వెనక మాణిక్యమ్మ పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో వినపడకపోయినా ఎస్తేరుకు తెలుసు. బోరు. ఆ మాట తన నాలుక మీదికి కూడా వచ్చింది.

"ఒక్క మాట చెప్పండమ్మా, ఒక్కటే. రెండో మాటంటే మీటింగు వాయిదా వేసి నా దారిన నేను పోతా" అన్నాడు ఆఫీసరు.

ఒక్కటే. బోరు ఇవాళ కాకపోతే రేపు అడగొచ్చు. లేవలేని చేత్తో, లేవలేని నడుంతో మొగుణ్ణి ఇంటికి తెస్తే? అసలు తేకపోతే? ఆమె మాణిక్యమ్మ వైపు చూడడం మానేసింది.

"నా మొగుణ్ణి తీసుకురండి. ఆడు ఈ గడప తొక్కినాక గుప్పిట తెరుస్తా."

"మీ ఆయన ఎక్కడున్నాడు?" అన్నాడు ఆఫీసరు అయోమయంగా. ఎస్తేరు సాంబయ్య వైపు చూసింది. అందరూ అటే చూశారు. బహిరంగం అన్నది ఆ రోజు పనికొచ్చింది ఈ ఒక్కదానికే. ఆఫీసరు ముందు, కానిస్టేబులు ముందు సాంబయ్య కాదనలేకపోయాడు. "మా వాళ్ల తోటకు చుట్టంచూపుగా వచ్చాడండీ. పొద్దున్నే మా ఇంటికాడికి తెచ్చాం" అని నసిగి, మోటారుసైకిలు పంపాడు.

ఎస్తేరు బల్ల పక్కనే నిలబడింది. చెమటకు చీటీలు మెత్తబడుతున్నాయి. మనసులో మరియమ్మకు మొక్కుకుంది: కాళ్లూ చేతులూ బాగుంటే చాలు తల్లీ, ఇంకేం అడగను.

బండి ఆగిన చప్పుడైంది. జనం దారిచ్చారు. బాలశౌరి గుమ్మంలోకొచ్చాడు. తెల్లటి కొత్త చొక్కా. తలకు నూనె రాసి దువ్విన క్రాఫు. నోరంతా తాంబూలం. కాళ్లు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, పొట్ట కూడా కాస్త పెరిగినట్టుంది. ఎస్తేరుకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అంతమందిలోనూ సిగ్గులేకుండా ఏడ్చింది.

"ఏందే, ఇంకా కాలా?" అన్నాడు బాలశౌరి. "దారిలో చెప్పారు, చెయ్యెత్తలేదంట గదా! ఎంత పని చేశావే. సాంబయ్య గారికి నేను మాటిచ్చానే."

"మాటేంది?" అంది ఎస్తేరు. "నిన్ను జీపులో ఏసుకుపోయారని..."

"ఎవురు ఏసుకుపోయేది? జీపొస్తే నేనే ఎక్కా. పిలిస్తే పోనా, బాగుండదుగా! మూడుపూట్లా మాంసం పెట్టారే. చానా మర్యాద చేశారు. అడిగితే చెప్పా, నా పెళ్లాం చెయ్యి, నా చెయ్యి ఒకటేనండీ, నాది మీకే అని. ఇప్పుడు నా పరువేం కావాల?"

గదిలో ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వు కిటికీలు దాటి బయటికి పాకింది. రోశయ్య మనుషులు, సాంబయ్య మనుషులు అన్న తేడా లేకుండా అందరూ నవ్వారు. ఆ ఊళ్లో రెండు పార్టీలూ కలిసి చేసిన పని, పిచ్చియ్యను సర్పంచిని చేశాక, అదే. ఎస్తేరుకు కోపం రాలేదు. కోపానికైనా కాస్త బలం కావాలి. తన చేతిని ఎవరికీ ఇవ్వకుండా ఇన్నాళ్లూ కాపాడుకుంది. దాన్ని మొగుడు మొదటిరోజే మాంసం కూర పక్కన పెట్టి ఇచ్చేశాడు.

గుప్పిట తెరిచింది. ఆఫీసరు ఆ తడి అరచేతిలోంచి ఒక చీటీ రెండు వేళ్లతో తీసి విప్పాడు. సిరా అలికినా పేరు తెలిసింది. "సాంబయ్య గారు ఉపసర్పంచిగా ఎన్నికైనట్టు ప్రకటిస్తున్నాను" అన్నాడు.

బయట టపాకాయలు పేలాయి. సాంబయ్య మెడలో దండలు పడ్డాయి. "చూశావా, నా మాట పోలా" అంటూ బాలశౌరి కూడా ఆ గుంపులో కలిసిపోయాడు. రోశయ్య ఎస్తేరు పక్కనుంచి పోతూ ఆగాడు. గొంతు పెంచకుండా, "ఈ పూట నించి నా చేలో కాలు పెట్టబాకండి. మీ పల్లెకు దారి మీరు చూసుకోండి" అని వెళ్లిపోయాడు.

కాసేపటికి గది ఖాళీ అయింది. ఆఫీసరు కాగితాలు సర్దుకుని, "సంతకం పెట్టండమ్మా" అంటే పెట్టింది. తిరిగి చూస్తే కిటికీ దగ్గర మాణిక్యమ్మ ఒక్కతే ఇంకా నిలబడి ఉంది. ఎండకు మొహం కందిపోయింది.

"బోరు అడుగుతావనుకున్నామే" అంది మాణిక్యమ్మ.

ఎస్తేరు చువ్వల దగ్గరకు వెళ్లింది. ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. ఆఫీసరు ఒప్పుకోలేదనొచ్చు. చెప్పలేకపోయింది.

"అడగలా పిన్నీ" అంది. "మొగుణ్ణి అడిగా."

మాణిక్యమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. రోడ్డు మీద కొత్త చొక్కాతో చిందులేస్తున్న బాలశౌరి వైపు కాసేపు చూసింది.

"వచ్చాడుగా" అంది. "ఇంక పద. రోశయ్య చేను చుట్టి పోవాల, చెలమ కాడ పొద్దుపోయిద్ది."